మన వాన ఎటు నుంచి వస్తుంది?



పోయిన ఏడు మృగశిర కార్తెలో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా చదువు కేంద్రానికి వచ్చే ఒక అక్క వారం రోజులు రాలేదు. ఎందుకు రాలేదో కనుక్కుందామని నేనే వాళ్ళింటికి పోయినాను. అక్క పంచలో కూర్చొని ఖాళీ గోనె సంచులు మడుస్తా ఉంది.

"ఏమక్కా, చదువు మానేశావా?" అని అడిగినాను.

"ఏం చదువు టీచరమ్మా! రెండెకరాల చెనిక్కాయ విత్తనం మన్నులో కలిసిపోయింది" అంది.

జూన్ మొదట్లో ఒక వాన పడింది. ఊరంతా సంబరపడింది. మరుసటి దినమే గొర్రు కట్టి విత్తేశారు. ఆ తరువాత ఇరవై దినాలు చినుకు లేదు. గాలి మాత్రం ఒకటే వీచింది. సగం విత్తనం మొలవనే లేదు. మొలిచింది కూడా వాడిపోయింది.

ఎకరాకు సుమారు 60 కిలోల విత్తనం పప్పు పడుతుంది. రెండెకరాలకు 120 కిలోలు. అప్పు చేసి కొన్న కాయలు అవి. ఒలిచింది అక్క చేతులే. ఆమె బొటనవేలి గోరు ఇంకా కమిలిపోయే ఉంది.

"వాన మమ్మల్ని మోసం చేసింది" అంది అక్క.

ఆ రోజు నేను జవాబు చెప్పలేకపోయినాను. తరువాత పుస్తకాలు చూసినాను. వ్యవసాయాఫీసులో అడిగినాను. ఊళ్ళో పెద్దవాళ్ళను, అవ్వలను అడిగినాను. తెలుసుకున్నది ఈ పాఠంలో రాస్తున్నాను. వాన మోసం చెయ్యదు. దానికి ఒక దారి ఉంది, ఒక వేళ ఉంది. అది మనకు తెలియాలి.

మిట్ట మీది ఊళ్ళు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం. ఈ మూడూ పాత చిత్తూరు జిల్లాకు పడమటి పక్క ఉన్నాయి. మీరు తిరుపతి నుంచి మదనపల్లెకు బస్సులో వచ్చే ఉంటారు. దారిలో భాకరాపేట కనుమ వస్తుంది. బస్సు మలుపులు తిరుగుతా పైకి ఎక్కుతుంది. ఎక్కినంత మళ్ళీ కిందికి దిగదు. ఎందుకు? మన ఊళ్ళు మిట్ట మీదే ఉన్నాయి కాబట్టి.

మదనపల్లె సముద్రం కంటే సుమారు 2,300 అడుగుల ఎత్తున ఉంది. పుంగనూరు, కుప్పం కూడా రెండు వేల అడుగులకు పైనే ఉన్నాయి. మదనపల్లె దగ్గర ఉన్న హార్సిలీ కొండ అయితే నాలుగు వేల అడుగులకు పైన.

ఎత్తుకు పోయేకొద్దీ గాలి చల్లబడుతుంది. వెయ్యి అడుగులు ఎక్కితే సుమారు రెండు డిగ్రీలు తగ్గుతుంది. అందుకే తిరుపతిలో ఎండ మాడ్చేస్తున్నా మన దగ్గర రాత్రికి కొంచెం చల్లగా ఉంటుంది. మదనపల్లె పక్కన ఆరోగ్యవరంలో 1915లో క్షయ రోగులకు ఆసుపత్రి తెరిచారు. చల్లటి పొడి గాలి క్షయకు మంచిదని ఆ రోజుల్లో అనుకునేవారు. ఇప్పుడు క్షయకు మందులు ఉన్నాయి. మానకుండా పూర్తిగా వాడితే నయమవుతుంది.

చల్లటి గాలి బాగానే ఉంది. మరి వాన సంగతి?

సంగటి కుండ మూత

వాన ఎట్లా పుడుతుందో మన పొయ్యి దగ్గరే చూడవచ్చు. సంగటికి ఎసరు పెట్టి మూత పెడతాం. కాసేపటికి మూత తీస్తే లోపలి పక్క నీటి చుక్కలు ఉంటాయి. కుండలో నీళ్ళు ఆవిరయ్యాయి. ఆవిరి పైకి పోయి చల్లటి మూతకు తగిలింది. మళ్ళీ నీళ్ళయింది.

వాన కూడా అంతే. సముద్రం ఎసరు. ఎండ పొయ్యి. సముద్రపు నీళ్ళు ఆవిరై గాలిలో కలుస్తాయి. ఆ గాలి పైకి ఎక్కితే చల్లబడుతుంది. ఆవిరి చుక్కలుగా మారుతుంది. అదే మబ్బు. చుక్కలు బరువైతే వానగా రాలుతాయి.

గాలికి కొండ అడ్డం వస్తే ఏమవుతుంది? కొండను ఎక్కక తప్పదు. ఎక్కేటప్పుడు చల్లబడుతుంది. వాన కొండకు ముందు పక్కనే పడిపోతుంది. కొండ దాటి వచ్చే గాలిలో తడి తక్కువ. చెట్టు వెనక ఎండ పడదు, నీడ ఉంటుంది కదా! అట్లాగే కొండ వెనక వాన సరిగా పడదు. దీన్ని వాననీడ అంటారు. మనం ఉండేది ఆ వాననీడలోనే.

రెండు పంక్తుల్లోనూ చివరే

మనకు వాన రెండు దిక్కుల నుంచి వస్తుంది.

మొదటిది పడమటి గాలి. దీన్ని నైరుతి రుతుపవనం అంటారు. జూన్ ఒకటో తేదీకి అటూ ఇటూగా ఇది కేరళను తాకుతుంది. సెప్టెంబరు దాకా ఉంటుంది. అరేబియా సముద్రం నుంచి తడి మోసుకొని వస్తుంది. దారిలో పడమటి కనుమలు అడ్డం ఉన్నాయి. మూటలో చాలా భాగం అక్కడే దించేస్తుంది. ఆ కనుమల మీద కర్ణాటకలో ఆగుంబె అనే ఊరు ఉంది. అక్కడ ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. అక్కడి నుంచి గాలి కర్ణాటక అంతా దాటి మన దగ్గరికి రావాలి. వచ్చేసరికి మూట దాదాపు ఖాళీ. గాలి మిగులుతుంది, తడి మిగలదు. ఆషాఢంలో మన ఊళ్ళలో చీర కొంగు నిలవనంత గాలి వీస్తుంది, వాన మాత్రం పడదు. కారణం ఇదే.

రెండోది తూరుపు గాలి. దీన్ని ఈశాన్య రుతుపవనం అంటారు. అక్టోబరు మూడో వారం నుంచి డిసెంబరు దాకా ఉంటుంది. బంగాళాఖాతం నుంచి వస్తుంది. ముందుగా నెల్లూరు, సూళ్ళూరుపేట, శ్రీకాళహస్తి, తిరుపతి తడుస్తాయి. తరువాత కనుమ ఎక్కి మన దగ్గరికి వస్తుంది. ఇక్కడా మనకు మిగిలిందే దక్కుతుంది.

పెళ్ళి భోజనంలో పంక్తి చివర కూర్చున్నవాళ్ళను చూశారు కదా! వాళ్ళ దాకా వచ్చేసరికి పాయసం గిన్నె అడుగంటుతుంది. మనం రెండు పంక్తుల్లోనూ చివరనే కూర్చున్నాం. మదనపల్లె వైపు ఏడాదికి పడేది సుమారు 700 మిల్లీమీటర్లు. కనుమ కింద తూరుపు మండలాల్లో కొన్ని చోట్ల వెయ్యి దాటుతుంది.

అయితే ఒక మేలు ఉంది. మనకు రెండు పంక్తులూ ఉన్నాయి. మొదటిది తప్పితే రెండోది కొంత ఆదుకుంటుంది. మన పెద్దవాళ్ళ సేద్యం ఈ లెక్క మీదే నడిచింది. తక్కువ నీళ్ళతో పండే రాగులు, ఉలవలు, అనుములు అందుకే మన చేలలో నిలిచాయి. పుంగనూరు ఆవునే చూడండి. సుమారు మూడడుగుల పొట్టి ఆవు. ఎండు మేత తిని కూడా పాలిస్తుంది. ఈ నేలకు, ఈ వానకు తగ్గ ఆవు అది.

ఏడాది తిరిగే తీరు

మార్చి నుంచి మే దాకా ఎండలు. నడుమ ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఉన్నట్టుండి మబ్బు పట్టి ఉరుములు మెరుపులతో వాన పడుతుంది. వీటిని మామిడి వానలు అంటారు. ఒక్కోసారి వడగండ్లు పడి మామిడి పిందెలు, టమాట తోటలు దెబ్బతింటాయి. పిడుగులు పడేది కూడా ఈ వానల్లోనే ఎక్కువ. ఉరుము వినిపిస్తే చింతచెట్టు కిందికి పోవద్దు. గొర్రెలు, మేకలు మేపేవాళ్ళు ఒకే చోట గుంపుగా నిలబడవద్దు. పక్కా ఇంట్లోకి పోండి. చివరి ఉరుము వినిపించి అర్ధ గంట గడిచేదాకా బయటికి రావద్దు.

జూన్, జులై నెలల్లో గాలి ఎక్కువ, వాన తక్కువ. ఒక వాన పడి మళ్ళీ చాలా రోజులు ఆగిపోవచ్చు. దీన్నే బెట్ట అంటాం.

ఆగస్టు నుంచి వానలు పెరుగుతాయి. సెప్టెంబరు, అక్టోబరు నెలలే మనకు బాగా వాన పడే కాలం. చెరువులు నిండాలన్నా, బావుల్లో నీరు ఊరాలన్నా ఈ రెండు నెలలే దిక్కు.

నవంబరు, డిసెంబరు నెలల్లో తుపాన్లు వస్తాయి. ముసురు పడుతుంది. తరువాత జనవరి దాకా చలి, మంచు.

విత్తనం ఎప్పుడు వెయ్యాలి?

ఇప్పుడు అక్క చేను దగ్గరికి వద్దాం. ఆ చేను ఎందుకు ఎండింది?

జూన్ మొదట్లో పడిన వానకు నేల పైపైన తడిసింది. నాలుగు వేళ్ళ కింద పొడిగానే ఉంది. పై తడి గాలికి రెండు దినాల్లో ఆరిపోయింది. సగం ఉబ్బిన విత్తనం అట్లాగే చచ్చిపోయింది. మొలిచిన వేరుకు కింద తడి దొరకలేదు.

విత్తే ముందు ఒక పని చెయ్యండి. చేనులో నాలుగైదు చోట్ల గుంత తవ్వి చూడండి. తడి ఒక జానెడు లోతు దిగిందా? దిగితేనే పదును వచ్చినట్టు. ఆ మట్టిని పిడికిట్లో పట్టి నొక్కండి. ఉండ కట్టాలి. పొడిగా రాలిపోతే ఇంకో వాన కోసం ఆగండి.

ఇంకో లెక్క కూడా ఉంది. చెనిక్కాయకు అన్ని రోజులూ ఒకే తీరుగా నీళ్ళు అక్కర్లేదు. బాగా మొలిచిన పైరు మొదటి కొన్ని వారాలు బెట్టను తట్టుకుంటుంది. సుమారు నెల రోజులకు పూత వస్తుంది. తరువాత ఊడలు భూమిలోకి దిగుతాయి, కాయ ఊరుతుంది. అప్పుడు మాత్రం తడి తప్పకుండా కావాలి. నేల గట్టిపడితే ఊడ దిగదు.

లెక్క వేద్దాం. జూన్ మొదట్లో విత్తితే పూత, ఊడ జులైలో వస్తాయి. అది గాలి కాలం. జులై మొదట్లో మంచి పదునులో విత్తితే ఊడ, కాయ ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో వస్తాయి. అది మన వాన కాలం. పంట నాలుగు నెలలకు లోపే. అక్టోబరులో పెరికేయవచ్చు. మరీ ఆలస్యంగా విత్తితే పెరికే వేళకు తుపాను వస్తుంది. అంటే చెనిక్కాయ పంట రెండు గాలుల నడుమ సందులో నుంచి పోవాలి. సందు చిన్నది. అందుకే వేళ ముఖ్యం.

ప్రతి ఏడూ ఇదే తీరుగా ఉండదు. జులై దాటినా పదును రాకపోతే చెనిక్కాయ మీద మొండిపట్టు వద్దు. ఉలవలు వెయ్యవచ్చు, పశువులకు మేత వెయ్యవచ్చు. ఆ ఏటికి ఏది మంచిదో రైతు సేవా కేంద్రంలో అడగండి.

పెరికిన కాయలు వానకు తడిస్తే బూజు పడుతుంది. బూజు పట్టిన పప్పు తింటే కాలేయం చెడుతుంది. పశువులకూ పెట్టకూడదు. కాయలు గలగలమనేదాకా ఎండబెట్టి సంచులకెత్తండి.

డబ్బాతో వాన కొలుద్దాం

"వాన బాగా పడింది" అంటాం. బాగా అంటే ఎంత? ఇప్పుడు మనకు అంకెలు వచ్చు. కొలిచి రాసుకుందాం.

గోడలు నిటారుగా ఉండే ఒక డబ్బా తీసుకోండి. పైన, కింద ఒకే వెడల్పు ఉండాలి. చెట్టుకు, గోడకు దూరంగా ఆరుబయట పెట్టండి. గాలికి పడిపోకుండా చుట్టూ రాళ్ళు పేర్చండి. పొద్దున ఎనిమిదిన్నరకు పిల్లల స్కేలు నిలబెట్టి చూడండి. స్కేలు మీద సున్నా కంటే ముందు కొంచెం ఖాళీ ఉంటే అది కూడా కలపాలి. స్కేలులో చిన్న గీతలు మిల్లీమీటర్లు. ఎన్ని గీతలు తడిస్తే అన్ని మిల్లీమీటర్ల వాన. నోటుబుక్కులో తేదీ, అంకె రాయండి. డబ్బా వంచేసి మళ్ళీ పెట్టండి. వాతావరణ శాఖవాళ్ళు కూడా పొద్దున ఎనిమిదిన్నరకే కొలుస్తారు.

వాళ్ళ లెక్కలో రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే అది వానరోజు. ఒక్క రోజులో 64 మిల్లీమీటర్లు దాటితే భారీ వాన.

ఒక ఎకరాలో 10 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని నీళ్ళో తెలుసా? సుమారు 40 వేల లీటర్లు. పదిహేను లీటర్ల బిందెతో మోస్తే రెండు వేల ఆరు వందల బిందెలకు పైన! అంత నీరు మన చేను మీద ఊరికే పడుతుంది. గట్టు లేకపోతే ఊరికే పోతుంది కూడా.

పడిన నీళ్ళు పట్టుకుందాం

ఇప్పుడు వాన పడే తీరు మారుతోంది. వానరోజులు తగ్గి, పడినప్పుడు కుండపోతగా పడడం ఎక్కువవుతోంది.

2021 నవంబరులో ఏం జరిగిందో గుర్తుందా? వాయుగుండం వచ్చి కుండపోతగా కురిసింది. మదనపల్లెలో పారే బాహుదా నది కిందికి పోయి చెయ్యేరులో కలుస్తుంది. నవంబరు 19న చెయ్యేరు పొంగి, రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఊళ్ళ మీద నీళ్ళు పడ్డాయి. మనుషులు పోయారు, పశువులు పోయాయి, పొలాలు ఇసుక మేటలయ్యాయి. వాన తక్కువ పడే నేల అని వరద రాదనుకోకూడదు. వాతావరణ శాఖ ఎరుపు రంగు హెచ్చరిక ఇచ్చిందంటే వంక దాటవద్దు, పిల్లలను దాటనివ్వవద్దు.

అట్లాంటి నీళ్ళను పట్టుకోవడానికే మన పెద్దవాళ్ళు చెరువులు కట్టారు. ఒకటి నిండి మరవ పారితే ఆ నీళ్ళు కింది చెరువులోకి పోతాయి. వాటిని గొలుసు చెరువులు అంటారు. కాలువ పూడితే గొలుసు తెగినట్టే.

"మాకు బోరు ఉంది, చెరువుతో పనేమి?" అని కొందరు అంటారు. బోరులో నీరు ఎక్కడిది? అదీ వాన నీరే. మన నేల కింద గట్టి బండ ఉంది. బండ సందుల్లోనే నీరు నిలుస్తుంది. పైన ఇంకితేనే సందులు నిండుతాయి. ఇంకించకుండా తోడుతూ పోతే వెయ్యి అడుగులు దించినా దుమ్మే వస్తుంది, అప్పు మిగులుతుంది.

2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ ద్వారా కృష్ణా నీళ్ళు కుప్పం దాకా వచ్చాయి. మంచిదే. కానీ కాలువ ప్రతి మెట్ట చేనుకూ రాదు. మెట్ట చేనుకు వానే ఆధారం. చేనుకు గట్టు, వాలుకు అడ్డంగా దున్నకం, మూలన ఒక నీటి కుంట. ఇవి ఉంటే పడిన వాన మనదవుతుంది.

అక్క నోటుబుక్కు

ఆ అక్క మళ్ళీ చదువు కేంద్రానికి వచ్చింది. ఇంటి ముందు పాల డబ్బా పెట్టింది. నోటుబుక్కులో అంకెలు రాసింది. ఈ ఏడు జూన్‌లో మళ్ళీ ఒక వాన పడింది. అందరూ గొర్లు కట్టారు. అక్క డబ్బా చూసింది. తొమ్మిది గీతలు. చేనులో గుంత తవ్వింది. నాలుగు వేళ్ళే తడిసింది.

"ఇప్పుడే వద్దు, ఆగుదాం" అని పెనిమిటితో అంది.

"నీకేం తెలుసు సేద్యం!" అన్నాడు ఆయన.

అక్క నోటుబుక్కు తెచ్చి ముందర పెట్టింది. పోయిన ఏడు ఏ తేదీన ఎంత పడిందో అక్కరాలు కూడబలుక్కొని చదివింది. డబ్బా పెట్టిన నాటి నుంచి ఒక్క రోజూ తప్పలేదు. ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత గొర్రు విప్పి గోడకు ఆనించాడు.

జులై రెండో వారంలో రెండు దినాలు వరసగా వాన పడింది. డబ్బాలో 20 గీతలు ఒక దినం, 18 గీతలు ఇంకో దినం. గుంతలో జానెడు తడి. అప్పుడు విత్తారు. పంట ఎట్లా వస్తుందో ఇప్పుడే చెప్పలేం. ఊడలు దిగే కాలం ఇంకా రావాలి. కానీ విత్తనం మాత్రం మొలిచింది. సాలు వెంబడి పచ్చగా ఉంది.

"మోసం వానది కాదు టీచరమ్మా, మేమే తొందరపడ్డాం" అంది అక్క నిన్న.

మాట్లాడుకుందాం

1. మీ ఊరికి పడమటి గాలి వాన ఎక్కువా, తూరుపు గాలి వాన ఎక్కువా? ఇంట్లో అవ్వను, తాతను అడిగి రాయండి.

2. మీ చేనులో విత్తనం ఎప్పుడు వెయ్యాలో ఎవరు చెబుతారు? మీ మాట అడుగుతారా?

3. మీ ఊరి చెరువు ఎన్నేళ్ళ కిందట మరవ పారింది? దానికి నీళ్ళు తెచ్చే కాలువ ఇప్పుడు ఎట్లా ఉంది? అందరూ కలిసి పోయి చూసి రండి.

4. ఈ రోజే ఒక డబ్బా పెట్టండి. వాన పడిన ప్రతి రోజూ తేదీ, అంకె రాయండి. నెల తరువాత మీ నోటుబుక్కు కేంద్రానికి తెచ్చి అందరికీ చదివి వినిపించండి.